వరద పెట్టెలో ఫిల్టర్లు: తేదీ దాటితే ఏం చేద్దాం?

(వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, అప్పుల లెక్క విన్నారు. ఇంకో లెక్క మిగిలింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అంటే ఎంత నీరో ఒడ్డున ఉండే మనకు వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు సాయంగా వచ్చి మిగిలిపోయిన నీటి ఫిల్టర్లు, క్లోరిన్ బిళ్లలు సమాఖ్య గదిలో ఇంకా ఉన్నాయి. చాలావాటికి తేదీ దాటింది. "పారేస్తే దండగ, ఉంచుదాం" అని కొందరంటున్నారు. "తేదీ దాటినవి తాగించి ఎవరి ప్రాణం మీదికి తెస్తారు?" అని కొందరంటున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. కానీ అన్నిటికీ ఒకటే జవాబు కుదరదు. వస్తువును బట్టి చూడాలి.

మొదట క్లోరిన్ బిళ్లలు, బ్లీచింగ్ పొడి. ఇవి మందు లాంటివి. ఎండకు, చెమ్మకు వీటి బలం తగ్గిపోతుంది. మూత తీసిన బ్లీచింగ్ అయితే మరీ తొందరగా పోతుంది. "పాతదే కదా, ఒకటికి రెండు బిళ్లలు వేస్తే సరి" అనుకోవద్దు. ఎంత బలం మిగిలిందో తెలియనప్పుడు రెండు వేసినా అది అందాజే. తేదీ దాటిన బిళ్లలు తాగేనీళ్లకు వద్దు. బావిలో, పొయ్యిలో పడేయవద్దు. ఏఎన్ఎంకు అప్పగిద్దాం.

రెండోది, ఒకసారి వాడి పక్కన పెట్టిన ఫిల్టర్లు. లోపల సన్న గొట్టాలుండే రకం తడితో ఉంచితే పాకురు పడుతుంది, ఎండిపోతే రంధ్రాలు మూసుకుపోతాయి. బొగ్గు ఉండే రకంలో బొగ్గు వాసనను, రంగును పీల్చుకుంటుంది కానీ క్రిములను చంపదు. నీళ్లు తేటగా వచ్చాయంటే మంచివని కాదు. ఇలాంటివి తీసేద్దాం.

మూడోది, సీలు విప్పని ఫిల్టర్లు. మట్టి క్యాండిల్‌కు పగులు లేకపోతే అది తేదీ దాటిన మర్నాడే చెడిపోదు. కానీ రబ్బరు వాషరు గట్టిపడితే నీళ్లు వడకట్టకుండా పక్కనుంచే జారిపోతాయి. వాషరు మారిస్తే పని చేయవచ్చు. వీటిని పారేయాలని మేం అనడం లేదు. వేరే పెట్టెలో పెట్టి "తేదీ దాటినవి, వడకట్టాక మరిగించాలి" అని పెద్ద అక్షరాలతో రాద్దాం. కొత్త ఫిల్టరైనా ఈ రకాలు పచ్చకామెర్లు తెచ్చే అతిసన్న క్రిములను సరిగా ఆపలేవు. బురద నీళ్లను ముందు తేర్చి, గుడ్డతో వడకట్టి, కళపెళా తెర్లే దాకా కాచి, ఇంకో నిమిషం ఉంచితేనే నమ్మకం.

"కాస్తే సరిపోయేటప్పుడు ఈ పెట్టె ఎందుకు?" అని అడగొచ్చు. భగీరథ నల్లా ఆగిపోయి, కట్టెలు తడిసిపోయి, గ్యాస్ బండ ఇంట్లోనే ఉండిపోయి, పిల్లలతో శిబిరంలో ఉన్నప్పుడు కాచే దారి ఉండదు. ఆ రెండు మూడు రోజుల కోసమే ఈ పెట్టె. ఆ రోజు అట్ట విప్పితే బలం లేని బిళ్లలు వస్తే, రిజిస్టరులో నూరు ఉన్నా మన చేతిలో ఏమీ లేనట్టే. ముసలివాళ్లకు, చంటిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే శిబిరంలో తట్టుకోలేరు.

నీటి పరీక్ష నేర్చుకున్న అక్కలు గ్రామాల్లో ఉన్నారు. వడకట్టిన నీళ్లను సీసా పరీక్షలో పెడితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దని అర్థం. నల్లబడకపోయినా పూర్తి భరోసా అనుకోవద్దు. ఆ సీసాకూ తేదీ ఉంటుంది, చూసి వాడాలి.

అందుకని ఉపసంఘం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతోంది.

ఒకటి: స్టాకు రిజిస్టరులో "తేదీ" గడి వేయాలి. తేదీ దాటిన వస్తువును స్టాకు లెక్కలో చూపకూడదు.

రెండు: ప్రతి ఏటా మృగశిర కార్తెలోపు, వరదలు రాకముందే, గ్రామ సంఘం నుంచి ఇద్దరు పెట్టె విప్పి చూసి సంతకం పెట్టాలి.

మూడు: తేదీకి ఆరు నెలల ముందే పాతవి అంగన్‌వాడీకో, సంఘం ఇళ్లకో వాడకానికి ఇచ్చేసి, వాటి చోట కొత్తవి కొనాలి. ఇలా తిప్పుకుంటే ఏదీ దండగ కాదు, ఏదీ పాతబడదు. దానికయ్యే ఖర్చు ఏటా బడ్జెట్‌లో రాసుకోవాలి.

అప్పు కిస్తీ తేదీ ఒక్కరోజు దాటనివ్వని వాళ్లం మనం. తాగేనీళ్ల తేదీ విషయంలోనూ అంతే పట్టుగా ఉందాం. తీర్మానాలకు ఒప్పుకునే అక్కలు చేతులెత్తండి, మినిట్స్ పుస్తకంలో రాసుకుందాం.