పేరుగా మారిన పరిశోధన



కళాశాలల్లో పాఠాలు చెప్పేవారికి రెండు ప్రశ్నలు తప్పవు. ఎన్ని పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు? వాటిని ఎందరు తమ వ్యాసాల్లో ఉటంకించారు? ధర్మపురి అధ్యాపకుడికైనా, అమెరికా ఆచార్యుడికైనా ఇదే తూకం. ఈ తూకానికి ఏది అందుతుందో, ఏది అందదో తెలుసుకోవాలంటే కల్యంపూడి రాధాకృష్ణారావు గారి సంగతి వినాలి. మనందరం సి.ఆర్. రావు అంటాం.

తమిళనాట తెలుగు మాట్లాడుకునే మనకు ఆయన పుట్టుక కొత్తగా తోచదు. 1920లో హడగలిలో, తెలుగు ఇంట పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోది, ఇప్పుడు కర్ణాటకలోది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో గణాంక శాస్త్రం చదివారు. కలకత్తాలోనే పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి అడిగారు: ఈ సూత్రం నమూనాలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు సరే, కొద్దిగానే ఉంటే? జవాబు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో పదకొండు పుటల వ్యాసమైంది.

అందులో ఏముంది? మన జిల్లాలో ఎకరానికి ఎన్ని బస్తాల రాగులు పండుతాయో అంచనా కట్టాలనుకోండి. అన్ని చేలూ కొలవలేం, కొన్నే కొలుస్తాం. కనుక అంచనా కొంత అటూ ఇటూ అవుతుంది. ఒక పక్కకు మొగ్గని పద్ధతి ఏదైనా సరే, ఆ తేడాను ఇంతకంటే తగ్గించలేదని ఆ వ్యాసం గీత గీసి చూపింది. స్వీడన్ పండితుడు క్రామర్ విడిగా ఇదే కనుగొన్నందున అది క్రామర్–రావు హద్దు అయింది. రాడార్ ఇంజనీర్లకూ అదే ఆధారం. ముతక అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం మొలిచింది కూడా ఆ పుటల్లోనే.

చిక్కు ఇక్కడుంది. ఒక ఫలితం పాఠ్యపుస్తకంలో పేరుగా స్థిరపడ్డాక, మూల వ్యాసాన్ని ఉటంకించేవారు తగ్గిపోతారు. పైథాగరస్ సిద్ధాంతం వాడేటప్పుడు ఆయన్ను ఎవరు ఉటంకిస్తారు? కొన్నిచోట్ల ఆ పేరు కూడా మిగలదు. 1948లో రావుగారు ఇచ్చిన స్కోర్ పరీక్షను ఆర్థికశాస్త్రజ్ఞులు లగ్రాంజ్ గుణకం పరీక్ష అంటారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ తెలుసుకునే ఆయన ఆర్తోగోనల్ పట్టికలను కర్మాగారాల్లో చాలామంది జపాన్ ఇంజనీరు టగుచి పేరుతోనే ఎరుగుదురు. 1965లో వచ్చిన ఆయన పుస్తకానికి మాత్రం ఉటంకింపులు వేలల్లో ఉన్నాయి.

మరో సంగతి. వైద్య వ్యాసాల చివర పట్టిక చాంతాడంత, గణిత వ్యాసాల చివర జానెడు. ఈ రెండు శాఖలవారినీ ఒకే అంకెతో పోల్చడం బెల్లాన్ని గజంబద్దతో కొలిచినట్టే. కేంబ్రిడ్జిలో సూడాన్ తవ్వకాల ఎముకల కొలతలతో కుస్తీపట్టి, ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు పొందిన ఈ మనిషిని ఏ శాఖ ఖాతాలో వేస్తారు?

మన కళాశాలల్లో దరఖాస్తులు గడిచిన కొద్ది సంవత్సరాల లెక్కే అడుగుతాయి. 1945 వ్యాసాన్ని ప్రధానంగా ప్రస్తావిస్తూ అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి ఆయనకు 2023లో ప్రకటించారు. అంటే 78 ఏళ్ళకు. అప్పటికి ఆయన వయసు 102. అదే ఏడు ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు.