బిళ్ళ నిజము చెప్పు విధము
మెడలో బిళ్ళ కట్టగానే కొందరు రాచపుండని కుంగిపోవుదురు. నొప్పి లేదుగదా యని మరికొందరు ఉపేక్షింతురు. క్షయవలనను అట్టి బిళ్ళ లేవవచ్చును. రెంటికిని చికిత్స వేరు. వైద్యుడు తడిమి ఊహింపగలడు. నిర్ణయమునకు సూక్ష్మదర్శిని కావలెను.

కోసి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, పిమ్మట మైనములో బిగించి, మిల్లీమీటరులో సుమారు 250వ వంతు మందముగల పొరలుగా తరుగుదురు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టింపగా కణకేంద్రములు నీలముగను, తక్కినది గులాబివన్నెగను తేలును. రాచపుండైనచో వికృతకణములు సహజమైన అమరికను చెరిపివేసి యుండును. క్షయలో సాధారణముగా కణములు గుంపుకట్టి, నడుమ జున్నువంటి మృతభాగము కనిపించును.

ముక్క తీసినచో వ్యాధి ప్రాకునను భయమున జాగుచేయువారు గలరు. నిపుణుని చేతిలో ఆ ప్రమాదము అత్యల్పము. జాగువలని చేటే అధికము. ఆపరేషనులో తీసిన గడ్డను పరీక్షకు పంపినారా యని తప్పక అడుగుడు.