ట్రాక్టరులో ఆయిలు ప్రెషరు స్విచ్చి: పరీక్షించుట, మార్చుట
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పైరుల సాగును గూర్చి చెప్పవలసిన వాడు ఇంజను సంగతి ఎత్తుకొన్నాడేమి అని మీకు తోచవచ్చును. ఎర్ర నేలలో వేరుశనగ వేయు రైతుకు మంచి వాన పడిన పిమ్మట విత్తుటకు చాలిన పదును మూడు నాలుగు దినములకు మించి నిలువదు. ఆ దినములలో ట్రాక్టరు చెట్టు క్రింద నిలిచిపోయినచో మంచి విత్తనము, ఎరువు, మేము చెప్పు సలహాలు అన్నియు ఇంటిలోనే ఉండిపోవును. అదను తప్పించెడి యంత్రపు జబ్బు కూడ వ్యవసాయ విషయమే అని నా అభిప్రాయము.

తాళము త్రిప్పగానే మీ ఎదుటి పలకపై, ముక్కుగల నూనె డబ్బా బొమ్మతో, ఎర్రని దీపమొకటి వెలుగును. ఇంజను స్టార్టు అయిన కొద్ది సెకండ్లలో అది ఆరిపోవలెను. ఇంజనులో నూనె ఎంత ఉన్నదో ఈ దీపము చెప్పునని కొందరనుకొందురు. అది పొరపాటు. నూనె మట్టము తెలియవలెనన్న గేజి పుల్ల తీసి చూడవలసినదే. దీపము చెప్పునది నూనె ఒత్తిడిని గూర్చి మాత్రమే.

ఈ ఒత్తిడి ఎందుకు? క్రాంకు షాఫ్టు తన బేరింగులను తాకి తిరుగుట లేదు. పంపు త్రోసెడి నూనె ఆ రెంటి నడుమ వెంట్రుక మందము కూడ లేని పొరగా నిలిచి షాఫ్టును తేల్చి ఉంచును. ఒత్తిడి పోయెనా, లోహము లోహమును రాచుకొనును. బరువు మీద నడుచు ఇంజనులో కొద్ది నిమిషములలోనే బేరింగులు కాలి షాఫ్టు పట్టివేయును. స్విచ్చి ఖరీదు కొన్ని వందల రూపాయలు. ఇంజను విప్పించుట పదుల వేలలో పని, పైగా మెకానిక్కు దొరకుటకు పట్టెడి దినములు వేరు.

స్విచ్చి కట్టుబడి మిక్కిలి సులభమైనది. బొటనవ్రేలంత పరికరము. సాధారణముగా ఆయిలు ఫిల్టరుకు సమీపమున ఇంజను ప్రక్కన మరతో బిగించి ఉండును. లోపల ఒక పలుచని పొర, దాని వెనుక ఒక స్ప్రింగు, రెండు విద్యుత్ మొనలు. ఒత్తిడి లేనపుడు మొనలు తాకి దీపము వెలుగును. నూనె ఒత్తిడి పొరను త్రోయగానే మొనలు విడిపోయి దీపము ఆరును. సుమారు చదరపు అంగుళమునకు 5 మొదలు 7 పౌన్ల ఒత్తిడి వద్దనే చాల స్విచ్చిలు విడిపోవును. కావున దీపము ఆరినంత మాత్రమున ఒత్తిడి సరిపడా ఉన్నదని కాదు, బొత్తిగా లేకుండ పోలేదని మాత్రమే అర్థము. ముల్లుగల మీటరు ఉన్న ట్రాక్టర్లలో స్విచ్చికి బదులు, ఒత్తిడిని బట్టి విద్యుత్తును హెచ్చుతగ్గులు చేసెడి సెన్సారు ఉండును. కొన్నింటిలో రెండును కలవు.

నడుచుచుండగా దీపము వెలిగినచో మొదట చేయవలసినది ఇంజను ఆపుట. ఈ సాలు ముగించి ఆపుదమనుకొనరాదు. సమమైన నేలపై కొంచెము సేపు నిలిపి గేజి పుల్ల చూడండి. మట్టము తగ్గినచో కారణము వెదకండి. మట్టము పెరిగినను భయపడవలెను. నూనె పలుచబడి డీజిలు వాసన కొట్టుచున్నచో డీజిలు లోనికి దిగుచున్నదన్నమాట. అట్టి నూనె ఒత్తిడిని నిలుపలేదు. స్విచ్చి మార్చిన ఫలితముండదు.

దీపము ఆరుటలేదని విసిగి స్విచ్చి తీగ లాగివేసి దున్నుకొనెడి వారు కలరు. మొరిగెడి కుక్కను కట్టివేసి దొంగకు తలుపు తీయుట వంటిదిది. అంతకంటె ప్రమాదము మరియొకటున్నది: తాళము త్రిప్పినను దీపము అసలు వెలుగకపోవుట. చెడిపోయిన దీపము ఎన్నడును మిమ్ములను హెచ్చరింపదు గదా! కావున ప్రతి ఉదయము స్టార్టు చేయుటకు ముందు ఆ ఎర్ర దీపము వెలిగినదా అని ఒక్క క్షణము చూచుకొనండి.

ఒక్క తీగ మాత్రమే గల స్విచ్చి అయినచో పరీక్ష మీరే చేసికొనవచ్చును. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి ఉంచి, స్విచ్చి నుండి తీగ ఊడదీయండి. దీపము ఆరవలెను. ఆరకున్నచో తీగపై తొడుగు ఎక్కడనో ఒరుసుకొని ఇనుమునకు తగులుచున్నది. తీగను బాగుచేయవలెనే గాని స్విచ్చి మార్చి లాభము లేదు. దమ్ము చేసెడి ట్రాక్టర్లలో బురద, నీరు ఎగిరిపడి ఈ తీగలు త్వరగా పాడగును. ఇక దీపము అసలు వెలుగనిచో, ఊడదీసిన తీగ కొనను ఇంజను ఇనుమునకు తాకించండి. వెలిగినచో దోషము స్విచ్చిది. వెలుగనిచో బల్బు, ఫ్యూజు, తీగ వీనిలో ఒకటి. రెండు మూడు తీగలు గల ఎలక్ట్రానిక్ సెన్సారుకు ఈ పరీక్ష పనికిరాదు. ఇనుమునకు తాకించినచో విలువైన కంట్రోలు పెట్టె చెడవచ్చును. 50 హార్సుపవరుకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త పొగ నిబంధనలు వచ్చినవి. ఆ తరహా ఇంజనుల విషయములో కంపెనీ మెకానిక్కును పిలుచుటయే మేలు.

తీగ బాగున్నను దీపము ఆరనిచో, నిందను వెంటనే స్విచ్చిపై వేయకండి. మెకానిక్కు వద్ద ఒత్తిడి చూచెడి చేతి మీటరు ఉండును. స్విచ్చి విప్పి ఆ రంధ్రములో దానిని బిగించి ఇంజను స్టార్టు చేయవలెను. పది సెకండ్లలో ముల్లు లేవకపోయినచో ఆపివేయవలెను. లేచినచో ఇంజను వేడెక్కిన తరువాత కూడ చూడవలెను, ఏలనన అరిగిన బేరింగుల గుట్టు వేడి నూనెతోనే బయటపడును. ప్రతి 1000 చుట్లకు 10 పౌన్లైనను ఉండవలెనని మెకానిక్కుల మోటు లెక్క. కంపెనీ పుస్తకములోని అంకెయే ప్రమాణము. అంకె సరిపోయినచో స్విచ్చి మార్చండి. సరిపోనిచో అడుగున జల్లెడ పూడుటయో, ఒత్తిడి వాల్వు ఇరుక్కొనుటయో, పంపు లేక బేరింగులు అరుగుటయో కారణము. అట్టి ఇంజనును పొలములో దింపరాదు.

మార్చుట అరగంట పని. ఇంజను చల్లారనిండు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. స్విచ్చి చుట్టునున్న మట్టిని డీజిలు, బ్రష్షుతో శుభ్రము చేయండి. ఈ పని చాలమంది చేయరు. ఆ రంధ్రము సరాసరి నూనె కాలువలోనికి పోవును, అందు పడిన ఇసుక రేణువు బేరింగునకు చేరును. లోతైన సాకెట్టుతో, అనేక స్విచ్చిలకు 24 లేక 27 మిల్లీమీటర్లది, మెల్లగా విప్పండి. కొద్దిగా నూనె కారును, గుడ్డ పట్టండి.

పాత స్విచ్చిని దుకాణమునకు తీసికొని పోయి మర సరిచూచుకొనండి. ఇక్కడ ఒక చిక్కున్నది. ఎనిమిదవ వంతు అంగుళపు మరలలో ఇంగ్లీషు తరహాకు అంగుళమునకు 28 పళ్ళు, అమెరికా తరహాకు 27. ఒకదానిలో మరొకటి రెండు చుట్లు సులువుగా పోయి పిదప పట్టివేయును. అక్కడ బలవంతము చేసినచో పాడగునది ఇంజను మర. అట్లే కొత్త స్విచ్చిని మొదట చేతి వ్రేళ్ళతోనే ఎక్కించండి. నీటి గొట్టములకు చుట్టెడి తెల్ల టేపు వాడకండి. దాని తునకలు నూనె కాలువలో పడవచ్చును, స్విచ్చికి మర ద్వారానే అందవలసిన ఎర్తు సరిగా అందకపోవచ్చును. మరకు ముందే మందు పూసి వచ్చినచో మరేమియు అక్కరలేదు. లేనిచో కొన వద్ద రెండు చుట్లు వదలి, మరలకు పూసెడి ద్రవ మందు కొంచెము రాయండి. పొట్టి పిడిగల రెంచితో, నూనె కారనంత బిగువు చాలును.

తీగ, బ్యాటరీ కలిపి తాళము త్రిప్పండి. దీపము వెలుగవలెను, స్టార్టు కాగానే ఆరవలెను. పది నిమిషములు నడిపి స్విచ్చి మొదట తడి ఉన్నదేమో వ్రేలితో చూడండి. నూనె మట్టము సరిచేయండి. మరునాడు ఒక పూట దున్నిన తరువాత అదే చోట మరల ఒకసారి తడిమి చూడండి. బరువు మీద వేడెక్కిన తరువాతనే సన్నని కారుడు బయటపడును. సొంతముగా చేయి చేసికొని నేర్చుకొనగోరు వారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో తరగతులు జరుగును. విత్తుకాలము రాక ముందే విచారించుకొనండి.