నిద్రలోనూ సాగే చదువు

పరీక్ష రేపనగా రాత్రంతా మేలుకుని చదివే పిల్లలు మీ ఇంట్లో ఉన్నారా? అయితే ఈ మాట వాళ్లకే. మనం పడుకున్నా మెదడు పని ఆపదు.

పగలు నేర్చుకున్నది ముందుగా హిప్పోకాంపస్ అనే చిన్న భాగంలో చేరుతుంది. గాఢనిద్రలో మెదడు దాన్ని మళ్లీ మళ్లీ నెమరువేస్తుంది. అలా జ్ఞాపకం మెదడు పైపొరల్లో కుదురుకుంటుంది.

1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇలాంటిదే గమనించారు. ఎలుక తిరుగుతున్నప్పుడు కలిసి పనిచేసిన కణాలే, అది నిద్రపోయాక మళ్లీ కలిసి స్పందించాయి. తిరిగిన చోటును మెదడు మళ్లీ తిరగేసిందన్నమాట!

అందుకే చదవండి, హాయిగా పడుకోండి, పొద్దున లేచి ఒకసారి చూసుకోండి. నిద్ర మానుకుంటే చదివింది నిలవడం కష్టం. గుర్తుంచుకోండి, నిద్ర కూడా చదువులో భాగమే.