బాణమునకు బరువు



ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. విల్లు పట్టి గురి కొట్టినవాడను కాను. అయినను నేడు బాణములను గూర్చి నాలుగు మాటలు చెప్ప సాహసించుటకు ఒక విరిగిన విల్లు కారణము. అది నా తెలివితక్కువవలన విరిగినది.

మా ఖానాపురం హవేలి ఖమ్మము పట్టణము నానుకొని యున్నది. ఇచటినుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవుచుండగా అడవియు, ఆ యడవిలో కోయవారి గూడెములును తగులును. ఉద్యోగపు చివరి యేండ్లలో అట్టి గూడెపు బాలుడొకడు నాకు శిష్యుడయ్యెను. వానికి తాత చేసి యిచ్చిన వెదురు విల్లొకటి యుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు కాలము చెల్లినది. విల్లు మాత్రము పండుగలకును పందెములకును నిలిచినది. వాని గురి చూచి ముచ్చటపడి, పట్టణమునుండి కార్బను బాణములారు తెప్పించి యిచ్చితిని. తేలికయైనది వేగముగా పోవును, వేగముగా పోవునది గురి తప్పదు, ఇది నా తర్కము.

పది దినములు గడువకముందే, వాడు లాగి విడిచిన యొక బాణముతో విల్లు నడుమ ఫెళ్లున చీలెను. బాలుని ముంజేయి కమిలెను. తాత వచ్చెను. నన్నొక పరుషవాక్యమైన ననలేదు. ఒక యరచేత తన వెదురు బాణమును, రెండవ యరచేత నా బాణమును పెట్టుకొని కొంతసేపు చూచి, "సారూ, మీ అమ్ము మస్తు తేలిక. ఇంత బలం గుంజితే ఆ బలమంతా ఎటు పోవాలె?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. ఆయన చేతులు వణకుచుండెను. ఆ చేతులతో మరియొక విల్లు చెక్కుట యిక సాధ్యము కాదని గూడెములో నందరికిని తెలియును.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నాకు కొన్ని మాసములు పట్టినది. వంచిన వింటిలో మన కండల బలము దాగియుండును. నారి విడిచినంతనే యా బలములో నధికభాగమును బాణము మోసికొని పోవలెను. బాణము మరీ తేలికయైనచో మోయగలిగినంత మోసి, తక్కినది వింటికే విడిచిపోవును. దూదియుండను బలముకొలది విసరిన భుజము నొచ్చును. గులకరాతిని విసరిన నొవ్వదు. ఇదియు నట్టిదే. బాణము లేకయే నారి నీడ్చి విడువరాదని పెద్దలు చెప్పుటకును హేతువిదియే.

కంసాలి త్రాసులో తూచితిని. తాత బాణము 28 గ్రాములు, నా బాణము 14 గ్రాములు! విలుకాండ్రు బాణమును గ్రెయినులలో తూచెదరు. గ్రెయిను అనగా ధాన్యపుగింజ యెత్తు; మన గురివింద గింజలో ఇంచుమించు సగము. వింటి లాగుబలమున ప్రతి పౌనుకును 8 మొదలు 10 గ్రెయిన్ల బాణము సంప్రదాయపు విండ్లకు క్షేమమని వారి లెక్క. ఆ విల్లు 40 పౌన్లది, అనగా 18 కిలోలది. దానికి 320 మొదలు 400 గ్రెయిన్లు, అనగా 21 మొదలు 26 గ్రాముల బాణము తగును. నేనిచ్చినది పౌనుకు అయిదున్నర గ్రెయినులైనను లేదు.

అయితే కార్బను బాణమును పారవేయ నక్కరలేదు. అది బోలు గొట్టము గనుక బరువు చేర్చవచ్చును. ములికిని బరువైనదిగా మార్చుట యొకటి. ములికి దిగు అల్యూమినియపు తొడుగునకు బదులు ఇత్తడి తొడుగు వేయుట రెండవది. ఈ రెంటివలన నాలుగేసి గ్రాములు చేరినచో 14 గ్రాములది 22 గ్రాములగును. ఇంకను కావలసినచో గొట్టములోపల, నిడివి పొడుగునను, సన్నని ప్లాస్టికు గొట్టమునో నైలాను త్రాటినో బిగువుగా చొనుపుట మూడవది. లోపలి వస్తువు కదలరాదు.

బరువెంతయో యన్నదే కాదు, ఎచ్చట నన్నదియు ముఖ్యమే. 14వ శతాబ్దమున కూర్చబడిన శార్ఙ్గధర పద్ధతిలోని ధనుర్వేద భాగమున బాణములు మూడు తెగలుగా చెప్పబడినవి. ముందు లావైనది స్త్రీ, అది దూరము పోవును. వెనుక లావైనది పురుషుడు, అది గట్టిగా ఛేదించును. అంతట సమమైనది నపుంసకము, అది గురి యభ్యాసమునకు తగును. దీనిని లింగభేదమునకు వింత యుదాహరణముగా తరగతిలో నెన్నియోసార్లు చెప్పితిని. ఒక్కనాడైనను బాణమును చేతబట్టి తూచి చూడనైతిని.

ముందు బరువు పెరిగినకొలది, నారి త్రోపునకు బాణపు కట్టె ఎక్కువగా వంగును. కుడిచేత నారి లాగువాని బాణము మిక్కిలి మెత్తనిదైన కుడికిని, మిక్కిలి బిరుసైన యెడమకును తొలగుచుండును. కావున ముందు బరువు చేర్చినవారు కట్టె నించుక కురుచ చేయుటయో, బిరుసైన కట్టెను తీసికొనుటయో చేయవలెను. నిడివి పొడుగునను చేర్చిన బరువు ఇంత తేడా తేదు. ఆరింటిని ఒక్కసారి మార్చక, ఒకదానిని మార్చి కొట్టి చూచి తక్కినవానిని మార్చుడు. కొట్టుటకు ముందు ప్రతిసారియు బాణమును మెల్లగా వంచి చెవియొగ్గి వినుడు. చిటచిట ధ్వని వచ్చినచో విరిచి పారవేయుడు. బీటవారిన కార్బను పుల్ల చేతిలోనే చీలి గ్రుచ్చుకొనును. పందెములకు పోవువారు ఏ బాణము చెల్లునో నియమములు చదువుకొని పోవలెను.

బరువు చేర్చిన వేగము తగ్గదా యని యడుగుదురు. తగ్గును, దూరమున బాణము కొంత క్రిందికి దిగును. కాని బరువు రెండింతలైనను వేగము సగమునకు పడిపోదు. విల్లు సద్దు తగ్గును, చేతికి అదురు తగ్గును, విల్లు నిలుచును.

ఆ విరిగిన విల్లు నేటికిని నా గోడమీద నున్నది. తాతయే నాకిచ్చెను. తరువాతి యేడు ఆయన అరుగుమీద కూర్చుండి, చేతితో చూపుచు నోటితో చెప్పుచు, మనుమనిచేతనే క్రొత్త విల్లు చెక్కించెను. వెదురు నెప్పుడు నరుకవలెనో, ఏ కణుపు నడుమకు రావలెనో వాడప్పుడే నేర్చెను. బరువు చేర్చిన నా యారు బాణములను తాత మరల నరచేతిలో తూచి, "ఇప్పుడు సరి" యనెను. ముప్పదియైదేండ్ల యుద్యోగములో నేను పొందిన యోగ్యతాపత్రములలో నాకు మిక్కిలి ప్రియమైనది ఆ రెండు మాటలే.

మీ యిండ్లలో పిల్లలు తాతలనాటి విల్లు పట్టుచున్నచో, ముందు కంసాలి త్రాసు కడకు పోయి బాణమును తూచి యిండు.