కబురు కాగితమునకు యజమాని ఎవరు?

మలయా భాషలో వార్తాపత్రికకు ‘సురత్ ఖబర్’ అని పేరు. మనము ఇంటింట పలుకు ‘కబురు’ అను మాటకును, ఆ ‘ఖబర్’కును మూలమొక్కటే. ‘బెరిత హారియన్’ అను దినపత్రిక పేరులోని ‘బెరిత’యో, సంస్కృతమునందలి ‘వృత్త’ శబ్దమే. మాటలిట్లు చుట్టములై యుండగా, ఆ పత్రికల కథ మాత్రము మన యిండ్లలో అంతగా వినబడదు. వానిలో ఒకదాని కథ నేడు మనవి చేసెదను.

దాని పేరు ‘ఉతుసన్ మెలాయు’, అనగా మలయుల దూత. 1939 మే నెలలో సింగపూరున వెలువడినది. అంతకు పూర్వము పత్రికలు లేకపోలేదు. 1930లో మొదలైన ‘వార్త మలయా’ (ఇదియు మన వార్తయే) ఉండెను. కాని దాని యజమానులు అరబ్బు వంశమువారు. మలయుల భాషలో వెలువడు పత్రిక మలయుల సొత్తే కావలెనని యూసుఫ్ బిన్ ఇషాక్ మొదలగువారు తలచిరి. జాతిలో ధనవంతులు తక్కువ. అందుచే ఊరూర తిరిగి వాటాలు అమ్మిరి. టాక్సీ నడుపువారు, సేద్యగాండ్రు, చిరుద్యోగులు తమకు చేతనైనంత యిచ్చిరి. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

తొలి సంపాదకుడు అబ్దుల్ రహీం కాజాయ్. మలయా పత్రికారచనకు తండ్రి యని ఆయనను నేటికిని స్మరింతురు. పత్రిక జావీ లిపిలో, అనగా ఉర్దూవలె కుడినుండి యెడమకు సాగు అరబ్బీ అక్షరములలో, అచ్చయ్యెడిది. ఖురాను చదువుకొన్న పల్లెవానికి అవి పరిచితములు. 1957లో స్ట్రెయిట్స్ టైమ్స్ అను ఆంగ్లపత్రిక సంస్థ రోమను లిపిలో ‘బెరిత హారియన్’ను తెచ్చెను. బడిచదువుల కొత్తతరమునకు ఆ లిపియే సుగమము. ఉతుసన్ సంస్థయు 1967లో ‘ఉతుసన్ మలేసియా’ను రోమను లిపిలో వెలువరించెను.

అంతలోపలనే అసలు మార్పు జరిగిపోయినది. స్వాతంత్ర్యానంతరము అధికారమందున్న ఉమ్నో పక్షము సంస్థపై పట్టు సంపాదించి, 1961 జూలైలో తన మనిషిని సంపాదకవర్గముపై నియమించెను. సంపాదకుడు సయ్యిద్ జహారీ నాయకత్వమున ఉద్యోగులు సమ్మె కట్టిరి. వారు కోరినది జీతము కాదు. ఏది వ్రాయవలెనో తామే నిర్ణయించుకొను హక్కు. వార్తల బల్లవద్ద ఇన్నేండ్లు కూర్చున్న నాబోటివానికి ఆ కోరిక బరువు తెలియును. మూడు నెలలు పోరాడి ఓడిరి. సింగపూరు వెళ్లిన జహారీని మలయాలో మరల అడుగిడనీయలేదు. 1963లో సింగపూరు ప్రభుత్వము ఆయనను నిర్బంధించినది; విచారణ లేకయే సుమారు 17 ఏండ్లు ఆయన చెరలో నుండెను.

యూసుఫ్ ఇషాక్ 1959లోనే పత్రికను వీడెను. 1965లో సింగపూరునకు ప్రథమాధ్యక్షుడయ్యెను. 1999 నుండి ఆ దేశపు నోట్లపై ఆయన ముఖమే కనబడును. పత్రికకై పైసలు కూర్చినవారి ముఖములు ఎచటను అచ్చుపడలేదు.

2018 ఎన్నికలలో ఉమ్నో కూటమి తొలిసారి అధికారము కోల్పోయెను. అప్పటికే అప్పులలో చిక్కిన పత్రికాసంస్థ 2019 అక్టోబరులో మూతపడెను. పక్షము పత్రికను నిలుపలేకపోయినది. వాటాలు కొన్న తొలితరమువారు ఆనాటికి లేరు. 2020లో వేరొక సంస్థ అదే ‘ఉతుసన్ మలేసియా’ పేరుతో పత్రికను మరల అచ్చువేయ మొదలిడెను.