తాడు మనది, పడవ మనది, లెక్క కూడా మనదే
(లంక గ్రామాల దళితవాడల వరద రక్షణ జట్ల సభలో చేసిన ప్రసంగం)



వరద జట్టంటే ఈతగాళ్ళ ముఠా అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈత మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కృష్ణ కరకట్ట కట్టినప్పుడు ఊరు కట్టకి అవతల ఉండిపోయింది, మా పల్లెలు రెండూ ఏటివైపు మిగిలాయి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు పైగా వొదిలారు. ఇలాంటిది మళ్ళీ మన జన్మలో చూడమన్నారు పెద్దలు. పదిహేనేళ్ళు తిరక్కుండానే, 2024 సెప్టెంబరు మొదట్లో, 11.43 లక్షలు వొచ్చింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన సంగతి ఇక్కడున్న ముసలివాళ్ళని అడగండి. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది. పూరిగుడిసెల వాళ్ళు, కూలికి పోయినవాళ్ళు ఎంతమంది కొట్టుకుపోయారో వాళ్ళు చెబుతారు.

కాబట్టి మాకు కావలసింది ఈత కాదు, పద్ధతి. మునిగేవాడి దగ్గరికి ఉత్తచేతులతో దూకితే వాడు మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. అందుకని ముందు గడకర్ర అందించు, అందకపోతే తాడు కట్టిన ట్యూబు విసురు, అదీ కుదరకపోతే పడవలో వెళ్ళు. దూకడం ఆఖరు మాట. పైకి తీసినవాణ్ణి తలకిందులు చేసి గిరగిరా తిప్పడం, పొట్ట మీద ఎక్కి నొక్కడం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. అది మానాలి. ఊపిరి ఆగితే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి ఊదాలి, రొమ్ము మధ్య నొక్కాలి, ఒకడు 108కి ఫోను చెయ్యాలి. ఈ పని మా ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందు నేర్చుకున్నారు. ఇంటింటి జాబితా కూడా వాళ్ళదే: మంచం పట్టిన తాత ఎవరింట్లో, నిండు చూలాలు ఎవరింట్లో, ఎవరు ఎవర్ని మోసుకురావాలి. నీరు రాకముందు ఈ జాబితా లేకపోతే నీరొచ్చాక పడవ ఉండి లాభం లేదు.

ఇక డబ్బు సంగతి. ఇదే అసలు సంగతి.

మాకు మొదట నైలాను తాడు, నాలుగు ట్రాక్టరు ట్యూబులు, ప్లాస్టిక్ డ్రమ్ములు వెదుళ్ళకి కట్టిన తెప్ప, అంతే. ఇంటికి నెలకి 20 రూపాయలు. ఇవ్వలేనివాళ్ళు పిడికెడు బియ్యం. పనుల్లేని నెలల్లో ఎవర్నీ అడగం, కోతలప్పుడు వాళ్ళే తెచ్చిస్తారు. మాలాంటి ఉద్యోగస్తులకి వేరే రేటు పెట్టారు, పెట్టాలి కూడా. గల్ఫుకి వెళ్ళిన పిల్లలు పంపిన డబ్బుతో పాత ఫైబరు పడవ కొన్నాం. కొన్ననాడు అందరూ పండగ చేసుకున్నారు. మోటారు బాగుచేయించే రోజు ఎవరూ కనపడరు! తాడు ఎండకి చీకుతుంది, జాకెట్టు చినుగుతుంది, పెట్రోలు తాగుతూనే ఉంటుంది. కొనడానికి ఇచ్చేవాడు దొరుకుతాడు, నిలబెట్టడానికి దొరకడు.

ఇసుక కాంట్రాక్టరు ఒకాయన కొత్త మోటారు ఇస్తానన్నాడు. పడవ మీద ఆయన పేరు రాయించాలట. రెండు రాత్రులు వాదించుకున్నాం. కుర్రాళ్ళు తీసుకుందామన్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. ఆడవాళ్ళు ఒక్కటే అడిగారు: ఏట్లో ఆయన మిషన్లు తవ్విన గోతుల్లో రేపు మన పిల్లోడు పడితే, ఆయన పేరున్న పడవలోనే వెతుక్కుంటామా, ఆయన మీదే కేసు పెడతామా? మోటారు వొద్దన్నాం. పాతది ఇప్పటికీ మూడోసారి లాగితేగాని అంటుకోదు.

డబ్బు లేక కాదు, ఇక్కడికి రాక. 15వ ఆర్థిక సంఘం 2021-26 ఐదేళ్ళకి రాష్ట్రాల విపత్తు నిధులకని 1,60,153 కోట్లు లెక్కగట్టింది. అందులో 10 శాతం ముందస్తు సంసిద్ధతకే. మా తాడుకి అందులోంచి పైసా రాలేదు. ‘ఆపద మిత్ర’ కింద 12 రోజుల శిక్షణ ఇచ్చారు, కిట్టు ఇచ్చారు. అలాంటిది ఎప్పుడు పెట్టినా మన పిల్లల్ని పంపండి, వొదులుకోవద్దు. కానీ శిక్షణ ఒక్కసారి, మరమ్మతు ఏటేటా.

ఇంకోటి రాసుకోండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షను కింద అధికారులు మన పడవని అవసరానికి తీసుకోవచ్చు, కానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. 66వ సెక్షను కింద దానికి పరిహారం కట్టాలి. ప్రాణాలు పోతుంటే మనం కాగితం అడగం. నీరు తీసిన మర్నాడు అడుగుతాం. అందుకే పడవ ఎన్నింటికి కదిలింది, ఎవరు రమ్మన్నారు, ఎంత పెట్రోలు పోశాం, అంతా పుస్తకంలో ఎక్కించాలి. 61వ సెక్షను, సాయంలో, పరిహారంలో కులం చూడకూడదంటుంది. పులిహోర పొట్లాలు కట్ట మీదే అయిపోయిన రోజు ఆ సెక్షను గుర్తు చెయ్యండి.

అన్నిటికంటే మాకు కష్టమైంది 2024 వరద తీశాక వొచ్చింది. ఊళ్ళోవాళ్ళని కూడా మన పిల్లలే పడవ మీద గట్టెక్కించారు. మూడోనాడు కబురొచ్చింది, చచ్చిన గేదెలు కంపు కొడుతున్నాయి, వొచ్చి ఎత్తమని. పడవ ఎక్కించినవాళ్ళు గొడ్డుని ఎత్తలేరా అన్నారు. మా పెద్దల్లోనే కొందరు, నాలుగు డబ్బులొస్తాయి, గొడవెందుకురా అన్నారు. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో శవాలు తియ్యడానికి వేరే ఊళ్ళ మునిసిపాలిటీల నుంచి దళిత పారిశుధ్య కార్మికుల్ని రప్పించారు. అదే తీరంలో దళితులకి శిబిరాల్లో అన్నం దగ్గర, నీళ్ళ దగ్గర అడ్డం తగిలారు. బతికున్నవాణ్ణి లాగడానికి కట్టిన జట్టు వెట్టివాళ్ళ జట్టయిపోతే మన పిల్లలు రేపు తాడు పట్టరు. మనిషి శవమైతే ఆ ఇంటివాళ్ళతో కలిసి మేమూ ఒక చెయ్యి వేస్తాం, గొడ్డుకి పంచాయతీ మిషను తెప్పించాలి, అని చెప్పాం. దళితుల చేత కళేబరాలు ఎత్తించడం 2015 సవరణతో అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆ మాట చెప్పిన సాయంత్రానికి మిషను వొచ్చింది. ఆ తర్వాత నెలరోజులు కొందరు మమ్మల్ని పనికి పిలవలేదు. అదీ ఖర్చే. అప్పుడు జట్టు బియ్యం పెట్టె తెరిచి పస్తున్న ఇళ్ళకి పంచాం.

ఆ పెట్టె మాలపల్లెలో ఉంటుంది, తాళంచెవి మాదిగపల్లెలో ఉంటుంది. రెండూ ఆడవాళ్ళ దగ్గరే. మూడు నెలలకోసారి రెండు పల్లెల మధ్య చెట్టుకింద లెక్క చదువుతాం. చదువురాని ముసలమ్మ, పెట్రోలు ఇంతెందుకయింది అని అడిగిందాకా చదువుతాం.

ఈ నెలాఖరులోగా ప్రతి జట్టూ తాడు మీద ఇద్దర్ని వేలాడదీసి చూడండి, మోటారు విప్పించండి, జాబితా తిరగరాయండి. కలెక్టరుగారికిచ్చే అర్జీలో పడవ మరమ్మతు, పెట్రోలు, జట్టు సభ్యులకి బీమా, ఈ మూడే రాశాం. సంతకాల కాగితం ఇటునుంచి వొస్తోంది, వేలిముద్ర వేసేవాళ్ళు పక్కన పేరు రాయించుకోండి.

జై భీమ్.